ఎడమవైపు కాజాలు

దేవుడితో ఆమెకి మొహమాటం లేదు. ఇంటి గుమ్మం దిగుతూ మొదలుపెడితే కుట్టుశాల మెట్లెక్కేదాకా ఆయనతో మాట్లాడుతూనే నడుస్తుంది. పొగడ్తలూ బతిమాలుకోవడాలూ ఆమెకి చేతకావు. "చూడు దేవుడా, ఎముక అతికించడం నీ పని, వేళకి మందులెయ్యడం నా పని. నా వంతు నేను చేశాను. ఇక నువ్వు బద్ధకించకు" అని తేల్చి చెప్పేస్తుంది. ఇళ్ళకి రంగులేసే మొగుడు నిచ్చెన మీంచి పడి కాలికి పిండికట్టుతో మంచం పట్టిన దగ్గర్నుంచి ఈ మాటలు మరీ ఎక్కువయ్యాయి. ఎదురొచ్చే వాళ్ళకి పెదవులు కదలడం ఒక్కటే కనిపిస్తుంది. పాపం, ఏదో గొణుక్కుంటోంది అనుకుని పక్కకి తప్పుకుంటారు.

ఆ రోజు మెట్ల మీద అడిగింది మాత్రం తన కోసమే. "నా మోకాళ్ళ సంగతి నీకు తెలియంది కాదు. ఒక్క కుర్చీ ఇప్పించు. ఏడంతస్తుల మేడ అడగడం లేదు కదా."

కుట్టుశాలలో అందరికీ ఆమె వదిన. ఆమె చోటు నేలమీద, గోడ పక్కన. పొద్దున్న బాసింపట్లు వేసుకుని కూర్చుంటే, తయారైన కోట్లకి లేబుళ్ళూ గుండీలూ కుట్టి, వేలాడే దారాలు కత్తిరించి మడత పెడుతుంది. ఎన్ని కోట్లు అయితే అంత కూలి. సాయంత్రం లేచేటప్పుడు ఒక చెయ్యి గోడకీ ఒక చెయ్యి నేలకీ ఆనించి, కాసేపు అలాగే ఉండిపోయి, తర్వాత నిలబడుతుంది. కుర్చీలో కూర్చుని నెల జీతం తీసుకునే ఆడమనిషి అక్కడ ఒక్కతే. కిటికీ పక్కన కాజాల మెషీను నడిపే కాజాలక్క.

కాజాలక్క నోరు మంచిది కాదని అందరూ అంటారు. చెయ్యి మంచిదని కూడా వాళ్ళే అంటారు. వదినని ఆవిడ "దేవుడి చుట్టం" అని పిలుస్తుంది.

"ఏమ్మా దేవుడి చుట్టం, మీవాళ్ళు ఏమన్నారు ఇవాళ?" అంది ఆ రోజు కూడా, మెషీనుకి దారం ఎక్కిస్తూ.

"నీ నోటికి కూడా ఒక కాజా వెయ్యమన్నారక్కా."

"వేస్తే గుండీ కూడా నువ్వే కుట్టాలి. జాగ్రత్త, ఊరికే తెగిపోతుంది" అంటూ నవ్వి కాజాలక్క మెషీను తిప్పింది.

ఆ పూట కట్టలోంచి మొదటి కోటు ఒళ్ళోకి తీసుకుని వదిన మెడ దగ్గర లేబుల్ కుట్టింది. ఆసుపత్రి నర్సుల కోట్లవి. గుండీల కోసం ముందు భాగం విప్పి పరిచేసరికి సూది ఆగిపోయింది. కాజాలు ఎడమవైపున్నాయి. మగవాళ్ళ చొక్కాకి ఎడమన, ఆడవాళ్ళ కోటుకి కుడిన కాజాలుండాలని కుట్టుపని చేసే ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు. రెండో కోటు తీసింది. అదీ ఎడమే. కట్ట అడుగునుంచి ఒకటి లాగింది. అదీ అంతే.

గుండీ తప్పుగా కుడితే ఊడదీసి మళ్ళీ కుట్టుకోవచ్చు. కాజా సంగతి అలా కాదు. మెషీను చుట్టూ కుట్టేసి మధ్యలో కత్తి దింపుతుంది. తెగిన గుడ్డ తెగినట్టే ఉంటుంది.

వదిన లేచి కటింగ్ బల్ల దగ్గరికి వెళ్ళింది. బల్ల దగ్గరుండే మాస్టరు ఆమె మొగుడికి పెదనాన్న కొడుకు. అంటే ఆమెకి బావగారు. ఈ పని ఇప్పించింది ఆయనే.

"బావగారూ, ఇవి నర్సులవి కదా? కాజాలు మగవాళ్ళ వైపు పడ్డాయి" అంది గొంతు తగ్గించి.

ఆయన కోటు అందుకున్నాడు. కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. మొహంలో రంగు దిగిపోయింది. ముందు వారమంతా ఇదే గుడ్డతో ఇదే ఆసుపత్రికి వార్డుబాయ్‌ల కోట్లు కత్తిరించాడు. చెయ్యి ఆ అలవాటులోనే పోయింది. ముందు ముక్కల మీద నీలం సుద్దతో చుక్కలు పెట్టేది ఆయన. సుద్ద ఎక్కడుంటే కాజా అక్కడ, ఆ కుట్టుశాలలో అదే చట్టం. ఎవరికి, ఎందుకు అని అడగడం కాజాలక్క పని కాదు. కట్ట వస్తుంది, చుక్క మీద మెషీను దిగుతుంది, ఆ చుక్క కుట్టు కింద మాయమవుతుంది.

"ఎవరితోనూ అనకు. నేను చూసుకుంటాను" అన్నాడు మాస్టరు.

వదినకి బరువు దిగినట్టయింది. పెద్దవాడు, చూసుకుంటానన్నాడు. ఇంకేం కావాలి? తన చోటుకి వెళ్ళి కూర్చుంది. కాసేపటికి సీసాలో నీళ్ళు అయిపోతే నింపుకోవడానికి బల్ల వెనక్కి వెళ్ళింది. అక్కడ మాస్టరు గోడవైపు తిరిగి ఉన్నాడు. ఇంకా కాజాలు పడని కోట్లు ముందేసుకుని, తడిగుడ్డతో ఎడమవైపు చుక్కలు తుడిచేస్తున్నాడు. తుడిచిన ప్రతిదానికీ కుడివైపు కొత్త చుక్కలు పెడుతున్నాడు. పని ఎప్పట్లాగే శుభ్రంగా చేస్తున్నాడు. ఒక్క చుక్క వంకర పోవడం లేదు.

తప్పు దిద్దుతున్నాడనుకుంది. నిజంగా అలాగే అనుకుంది. నీళ్ళు పట్టుకుని వచ్చేసింది.

మధ్యాహ్నానికి యజమానురాలు వచ్చింది. ఆవిడ అరిచే మనిషి కాదు. గొంతు ఎంత తగ్గిస్తే అంత భయపడాలి. కాజాల మెషీను దగ్గర నిలబడి, పాడైన కోటు ఒకటి బల్లమీద వేసింది.

"ఇదేమిటి?"

"సుద్ద ఎక్కడుందో అక్కడే వేశానమ్మా" అంది కాజాలక్క.

మాస్టరు కొత్త చుక్కలు పెట్టిన కోట్ల కట్ట తెచ్చి పక్కన పెట్టాడు. "సుద్ద ఇదిగో" అన్నాడు.

కాజాలక్క ఒక కోటు తీసి కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. కళ్ళజోడు తీసింది, చీర చెంగుతో తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది. ఇంకో కోటు తీసింది. చుక్కలన్నీ కుడివైపే ఉన్నాయి.

"పొద్దున్న..." అంది, ఆగిపోయింది.

ఆవిడకి మాట తడబడటం కుట్టుశాల ఎన్నడూ చూడలేదు. వదిన నోరు తెరిచింది. బావగారు ఆమె వంక చూశాడు. బెదిరింపుగా చూస్తే ఎదురు చెప్పేదేమో. ఆయన కళ్ళలో ఉన్నది భయం. వదిన నోరు మూసుకుంది. అంతలోనే అంతా అయిపోయింది. రేపట్నుంచి రానక్కర్లేదని యజమానురాలు చెప్పడం, కాజాలక్క క్యారేజీ సంచీ భుజాన వేసుకోవడం, మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు తగ్గిపోవడం, అన్నీ ఒక కోటుకి గుండీలు కుట్టేంత సేపట్లో జరిగిపోయాయి.

మర్నాడు పొద్దున్న మాస్టరు వదినని పిలిచాడు. "ఇక ఆ మెషీను నువ్వు చూసుకో. యజమానురాలితో మాట్లాడాను. నెల జీతమే." కాస్త ఆగి, "మీ ఆయన లేచి తిరిగేదాకా నీకు నిశ్చింత" అన్నాడు.

వదిన వెళ్ళి కుర్చీలో కూర్చుంది. కత్తిరింపు ముక్కలన్నీ కలిపి కాజాలక్క తన కోసం కుట్టుకున్న మెత్త ఇంకా అందులోనే ఉంది. వీపుకి ఆసరా తగిలింది. మోకాళ్ళు హాయిగా వంగాయి. కిటికీలోంచి గాలి వచ్చింది. ముందు రోజు మెట్లమీద అడిగిందంతా పైసా తగ్గకుండా వచ్చి ఒళ్ళో పడింది.

మెషీను ఆమెకి కొత్త కాదు. ఎవరూ లేనప్పుడు కాజాలక్కే నేర్పింది, తిడుతూ. కుడివైపు చుక్క మీద మెషీను పాదం దించింది. సూది ఒకవైపు దిగి, మలుపు తిరిగి, రెండోవైపు ఎక్కింది. కత్తి టక్కుమంది. కాజా ముద్దుగా వచ్చింది. ఆ రోజంతా కత్తి టక్కుమన్నప్పుడల్లా ఆమె భుజాలు అదిరాయి. సాయంత్రానికి మోకాళ్ళు నొప్పెట్టలేదు కానీ మెడ పట్టేసింది.

ఇంటికెళ్ళి పెరట్లో చేతులు కడుక్కుంది. ఆ వేళకి ఆ రోజు దొరికిన మంచికి దేవుడికి దండం పెట్టి ఒక మాట చెప్పుకోవడం ఆమె అలవాటు. వాన పడకపోయినా చెబుతుంది, బస్సులో చోటు దొరికినా చెబుతుంది. ఇవాళ చెప్పుకోవలసినంత పెద్ద మంచి ఈ మధ్య ఎన్నడూ జరగలేదు. చేతులమీద నీళ్ళు ఆరిపోయేదాకా నిలబడింది. ఒక్క మాట పైకి రాలేదు.

"దేవుడు విన్నాడే తల్లీ!" అని అత్తగారు గుమ్మంలోనే ఆమె బుగ్గలు పుణికింది. మాస్టరు అప్పటికే కబురు చెప్పి వెళ్ళాడన్నమాట. "మా బావగారబ్బాయి నోట్లో పంచదార పొయ్యాలి. నీ మొర ఊరికే పోలేదు."

"విన్నాడో లేదో నాకు తెలీదత్తయ్యా" అంది వదిన.

మంచం మీంచి మొగుడు తల తిప్పి చూశాడు. ఆమె అతని మందుల డబ్బా అందుకుంది.

మూడో రోజు పని అయ్యాక వదిన ఆ మెత్త చంకలో పెట్టుకుని కాజాలక్క ఇంటికి వెళ్ళింది. వెనక సందులో, పైన ఒంటిగది. తలుపు తీసే ఉంది. కాజాలక్క కిటికీ దగ్గర నేలమీద కూర్చుని ఉంది. ఒక చేతిలో సూది, ఒక చేతిలో దారం. దారం ఎక్కించి, లాగేసి, మళ్ళీ ఎక్కిస్తోంది.

"ఓహో, దేవుడి చుట్టం. మెత్త తెచ్చావా? కుర్చీ కూడా తేకపోయావా?"

ఎప్పటి మాటలే. గొంతులో మాత్రం పస లేదు.

"ఏం చేస్తున్నావక్కా?"

"చూస్తున్నాను, నా కళ్ళు ఎంతవరకు చచ్చాయో." దారం మళ్ళీ ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది. "సూది బెజ్జం కనపడుతోంది. అంత పెద్ద సుద్ద చుక్క ఎటున్నదీ కనపడలేదంటే ఏమనుకోవాలి? పొద్దున్న ఎడమవైపే చూశాను. ఒట్టేసి చెప్పగలననుకున్నాను. కానీ అందరి ముందూ కుడివైపుంది కదా. అంటే కళ్ళు కాదు, బుర్రే పోతోందన్నమాట. మా అమ్మకీ ఈ వయసులోనే మొదలైంది."

వదిన గుమ్మం పట్టుకుంది.

"ఎదురు వీధిలో కాజాల మనిషి కావాలంటున్నారు" అంది కాజాలక్క. "గుమ్మందాకా వెళ్ళి తిరిగొచ్చాను. ఇంకొకళ్ళ గుడ్డలు కూడా పాడుచేస్తే? నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయాక కత్తి ఎలా దింపను?"

కూడు పోవడం ఒక ఎత్తు. ఇది ఇంకో ఎత్తు. మనిషిని పనిలోంచి పంపేయడంతో ఆగలేదు, ఆ మనిషిలోంచి పనినే లాగేశారు. అందులో మూసుకున్న తన నోటి వాటా కూడా ఉంది. వదిన లోపలికి వచ్చి నేలమీద కూలబడింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

"నీ బుర్రకేం కాలేదక్కా. సుద్ద ఎడమవైపే ఉంది. మా బావగారు తడిగుడ్డతో తుడిచేసి మార్చారు. నేను నా కళ్ళతో చూశాను. ఆ రోజు చెప్పలేదు."

కాజాలక్క చేతిలో సూది అలాగే ఉండిపోయింది. ముందు మాస్టరుని ఒక తిట్టు తిట్టింది. అది రాయడానికి వీల్లేనిది. తర్వాత నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. చెంగుతో ముక్కు తుడుచుకుని, "అయితే ఎడమే" అంది. "ఎడమే కదా? ఇంకోసారి చెప్పు."

"ఎడమే అక్కా."

"చాలు." సూది కిటికీ చట్రానికి గుచ్చింది. "ఇక ఈ మాట మన ఇద్దరి మధ్యే ఉండనీ. యజమానురాలి దగ్గరికి పరిగెత్తకు. మీ ఆయన మంచంలో ఉన్నాడు. నాకు తెలిసింది కదా, అది చాలు. ఎదురు వీధిలో రేపే చేరతాను."

అప్పటిదాకా యజమానురాలికి చెప్పాలా వద్దా అని లోపల కొట్టుకుంటున్న వదినకి, వద్దన్న ఆ మాటతోనే దారి కుదిరిపోయింది. అన్యాయమైపోయిన మనిషే తన ఇంటి గురించి ఆలోచిస్తుంటే, ఆ నీడలో దాక్కుని కుర్చీలో కూర్చోవడం ఆమె వల్ల కాదు.

ఇంట్లో చెప్పేసింది. అత్తగారు గుండెలు బాదుకుంది. "వాడు నీకు పని ఇప్పించాడే! దేవుడిచ్చిందాన్ని కాలదన్నుకుంటావా?"

"ఇది దేవుడిచ్చింది కాదత్తయ్యా. ఇంకొకళ్ళ దగ్గర లాక్కుంటే తప్ప నాకు పెట్టలేనంత లేనివాడా ఆయన? నాకు ఇవ్వాలనుకుంటే ఆయన దగ్గర వేరే కుర్చీలు లేవా?" వదిన అత్తగారి చేతులు గుండెల మీంచి కిందికి దించింది. "లేకపోతే నేలమీదే కూర్చుంటాను. నేల కూడా ఆయనదే కదా."

మొగుడు గోడవైపు చూస్తూ, "అన్నయ్య మొహం మళ్ళీ ఎలా చూస్తాం?" అన్నాడు.

"చూడలేకపోతే ఆయన తప్పు. మన తప్పు కాదు."

పొద్దున్న ఆమె లేచేసరికి మంచం మీంచే వంగి, కర్ర సాయంతో ఆమె క్యారేజీ దగ్గరికి లాక్కుని, మూత బిగించి పెడుతున్నాడు. "తొందరగా వెళ్ళు. ముందు ఆయనతోనే చెప్పు. చాటుగా చెయ్యకు" అన్నాడు. ఆ మాట కోసమే రాత్రంతా ఎదురుచూసినట్టు వదిన అతని భుజం నొక్కి, చెప్పులేసుకుంది.

దారిలో దేవుడితో ఎక్కువ మాట్లాడలేదు. "చెప్పడం నా వంతు. తర్వాత సంగతి నాకు తెలీదు. నాకు భయంగా ఉంది, అది కూడా నువ్వే చూసుకో" అంది. అంతే.

మాస్టరు గుడ్డ పరుస్తున్నాడు. ఆమె బల్లకి ఇటువైపు నిలబడింది.

"బావగారూ, తడిగుడ్డ నేను చూశాను. యజమానురాలితో మీరు చెప్పండి. భోజనాల గంట కొట్టేదాకా చూస్తాను. మీరు చెప్పకపోతే నేను చెబుతాను."

ఆయన గుడ్డ మీద అరచెయ్యి ఆనించాడు. లేని ముడతని సవరించాడు. "ఇంతకుముందే ఒకసారి కొలత తప్పానమ్మా. ఇంకోసారి జరిగితే కత్తెర కింద పెట్టి వెళ్ళిపొమ్మంది ఆవిడ. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?"

"కాజాలక్కకి మాత్రం వయసు లేదా?"

"నీకు కుర్చీ ఇప్పించాను."

"ఇప్పించారు. అందుకే మూడు రోజులుగా నాకు నిద్ర లేదు" అంది వదిన. ఇంక అక్కడ నిలబడలేదు. మెషీను వైపు కూడా వెళ్ళలేదు. గోడ పక్కన నేలమీద తన పాత చోట్లో కూర్చుని గుండీల డబ్బా ముందుకి లాక్కుంది. పక్కన ఇస్త్రీ చేసేవాడు వింతగా చూశాడు.

గంట కొట్టింది. ఆమె తల ఎత్తి చూస్తే బల్ల దగ్గర మాస్టరు లేడు. కత్తెర ఉంది. పారిపోయాడనుకుంది. ఒక్క క్షణం ఆయన మీద అసహ్యం వేసింది, మరుక్షణం జాలి వేసింది. రెండూ పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి యజమానురాలి గది తలుపు తట్టింది.

చెప్పింది. ఎక్కువ తక్కువ లేకుండా, ఏం చూసిందో అదే చెప్పింది. యజమానురాలు వింటూ కలం మూత పెట్టింది.

"ఆయన మీ బంధువు కదా?"

"అవునమ్మా."

"ఆ కుర్చీ నీకు వద్దా?"

"కావాలమ్మా. చాలా కావాలి. ఇలా వద్దు."

"మాస్టరు లేకపోతే శనివారానికి కోట్లు వెళ్ళవు. కాజాలకి ఇంకో మనిషి దొరుకుతుంది, కటింగ్‌కి దొరకడు. నువ్వు చెప్పింది వినకుండా నిన్ను కూడా పంపేస్తే నాకు సుఖం. అది ఆలోచించుకున్నావా?"

"ఆలోచించుకునే వచ్చానమ్మా" అంది వదిన. చేతులు వెనక కట్టుకుని నిలబడింది. దేవుడి వంతు మొదలవ్వాల్సింది ఇప్పుడేనని తెలుసు, కానీ ఆయన ఏం చేస్తాడో ఆమెకి ఒక్క ముక్క తెలీదు. ఏం చేసినా ఇంటికి నడిచి వెళ్ళగలననుకుంది. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కునే తీరిక లేకపోయింది.

బయట మెషీన్లు ఒక్కొక్కటిగా ఆగాయి. యజమానురాలు తలుపు తీసింది.

మెట్లమీంచి మాస్టరు వస్తున్నాడు. రొప్పుతున్నాడు, చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయింది. ఆయన వెనక, భుజాన క్యారేజీ సంచీతో, కాజాలక్క. ఆవిడ ఇంటి దగ్గర అడిగి, ఎదురు వీధి కుట్టుశాల గుమ్మంలోంచి పిలుచుకొచ్చాడట. వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది. దేవుణ్ణి నమ్ముకుని వచ్చింది కానీ, బావగారి మీద మాత్రం పొద్దున్నే ఆశ వదిలేసుకుంది. ఆయన ఇటు చూడలేక తల పక్కకి తిప్పుకున్నాడు.

"తప్పు నాది" అన్నాడు యజమానురాలితో. "కాజా తెగింది తెగినట్టే ఉన్నా, పాడైన కోట్లకి కాజాలు పడ్డ ముందు పట్టీలు ఊడదీసి, ఎడమది కుడికి మార్చి కుట్టొచ్చు. నేనే కూర్చుని ఊడదీస్తాను. అవి వెళ్ళాక మీరు ఏం చెయ్యాలనుకుంటే అది చెయ్యండి."

యజమానురాలు అందరి వంకా చూసింది. క్షమించానని అనలేదు, పొమ్మనీ అనలేదు. "శనివారానికి కోట్లు వెళ్ళాలి" అని లోపలికి వెళ్ళిపోయింది.

కాజాలక్క తిన్నగా కుర్చీలో కూర్చోలేదు. మెషీను పక్కన నిలబడి, కట్టలోంచి ఒక కోటు తీసి, రెండు చేతులా విప్పి పట్టుకుంది.

"మాస్టారూ, ఎటువైపు?"

"కుడివైపు" అన్నాడాయన నేలవైపు చూస్తూ.

"వినపడలేదు. నా చెవులు బాగానే ఉన్నాయి, కళ్ళూ బాగానే ఉన్నాయి. మీరే గట్టిగా చెప్పాలి."

ఇస్త్రీ చేసేవాడు పెట్టె పక్కన పెట్టాడు. మాస్టరు తల ఎత్తాడు. ఆవిడ కళ్ళలోకి సూటిగా చూశాడు.

"కుడివైపమ్మా. మొన్న ఎడమవైపు పెట్టింది నేను. నువ్వు సరిగ్గానే వేశావు."

కాజాలక్క కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది. చుక్క మీద పాదం దించింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది, తర్వాత ఆగలేదు. కత్తి టక్కుమంది. ఆవిడ ఆ కాజాని వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది, మిగిలినవి వేసింది, గోడ పక్కన తన చోట్లో వచ్చి కూర్చున్న వదిన ఒళ్ళోకి కోటు విసిరింది.

వదిన సూదికి దారం ఎక్కించి మొదటి గుండీ కుట్టడం మొదలుపెట్టింది.